గోలు కీపరు పోస్టుకు పూర్తి అదనపు బాధ్యతలు

ఫెర్మిన్ ఒలాబరియాకి ఫిబ్రవరి నెల అచ్చిరాదు. స్పెయిన్‌లో పుట్టి, పదకొండేళ్ళు ఎడమవైపు రక్షకుడిగా ఫుట్‌బాల్ ఆడి, ఆ పదకొండేళ్ళలో మొత్తం మూడు గోల్స్ కొట్టాడు. అందులో రెండు పొరపాటున సొంత జట్టు మీదే కొట్టాడు. మోకాళ్ళు అరిగిపోయాక ఆడటం మాని, ఆడించే పనిలోకి దిగాడు. అక్కడా కుదురు లేదు. తొమ్మిది క్లబ్బులు ఆగస్టులో అతనికి కండువా కప్పి లోపలికి పిలిచాయి, తొమ్మిదీ ఫిబ్రవరిలో వీధిలోకి సాగనంపాయి. తొమ్మిదో క్లబ్బయితే మరీ అన్యాయం. అతను సెలూన్ కుర్చీలో సగం క్షవరంతో ఉండగా ఫోనుకి సందేశం పంపింది. ముద్ర వేసిన కాగితం తర్వాత తీరిగ్గా వచ్చింది. ఆ మిగతా సగం క్షవరం సెలూన్ అతను జాలిపడి ఊరికే చేశాడు.

ఎనభై నాలుగేళ్ళ వాళ్ళమ్మ ఆ తొమ్మిది కండువాలూ ఉతికి, ఇస్త్రీ చేసి, బీరువాలో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. కొడుకు మీద ఆవిడకి ఉన్నది ఒకటే ఫిర్యాదు. ఒక్క చోటన్నా ఏడాది తిరిగేదాకా ఉండమనేది. నీ కొడుకు ఏం చేస్తున్నాడని పక్కింటావిడ అడిగితే, ఏ నెలో చూసుకుని జవాబు చెప్పాల్సి వస్తోందని బాధపడేది. ఫెర్మిన్‌కీ కప్పుల మీద ఆశ ఏనాడో చచ్చింది. ఉద్యోగంలో ఉండగా ఒక్కసారి మార్చి నెల చూస్తే చాలనుకునేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇక్కడ నరవపాలెంలో రాష్ట్ర తాటి ఉత్పత్తుల మండలికి ఒక జీవో వచ్చింది. ఈ మండలి తాటిబెల్లం, తాండ్ర, చాపలు, విసనకర్రల అభివృద్ధి కోసం పుట్టింది. దాని వల్ల తాటిచెట్టుకి ఒరిగిందేమీ లేదు గానీ, తాటిచెట్టు వల్ల నలభై ఒక్కమందికి ఉద్యోగాలు నిలబడ్డాయి. జీవో కథ ఏమిటంటే, శాఖామాత్యులు విదేశీ పర్యటనలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ చూశారు. బంతి ఒక కాలి నుంచి ఇంకో కాలికి చకచకా పోవడం చూసి ఆయనకి కళ్ళు చెమర్చాయి. మన ఫైళ్ళు కూడా ఇలా కదిలితే రాష్ట్రం ఎక్కడుండేదో అని విమానంలోనే నిట్టూర్చారు. దిగీదిగగానే ఉత్తర్వు వెలువడింది. ప్రతి మండలీ ఒక ఫుట్‌బాల్ జట్టు ఏర్పాటు చేసుకోవాలి. విదేశీ శిక్షకుణ్ణి నియమించుకోవాలి. ఫిబ్రవరి ఆఖరుకి పోటీలు ముగిసేసరికి ఒక్క విజయమూ లేని మండలిని, దాన్ని చివరగా ఓడించిన మండలిలో కలిపేస్తారు.

శిక్షకుడి ఎంపికకి ముగ్గురు కూర్చున్నారు. మండలి నిర్వహణ సంచాలకులు గుమ్మలూరి విశ్వపతి గారు, ఉప సంచాలకులు పేరి సుందరశివరావు గారు, కాగితాలు అందించడానికి ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్ మట్టపర్తి సూర్యావతి. ఒక దరఖాస్తుదారు ఒకే క్లబ్బులో పద్నాలుగేళ్ళుండి ఏడు కప్పులు గెలిచాడు. విశ్వపతి గారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పక్కకి జరిపారు. పద్నాలుగేళ్ళు ఒకే సీట్లో కదలకుండా కూర్చున్నాడంటే వెనక ఎవరి అండో ఉండితీరాలన్నారు. తర్వాత ఫెర్మిన్ దరఖాస్తు వచ్చింది. పన్నెండేళ్ళలో తొమ్మిది చోట్లు. సుందరశివరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టారు.

మన దేశంలో ఒక మనిషిని తొమ్మిదిసార్లు పీకి పారేశారంటే దానికి ఒకటే అర్థం. తినడు, ఇంకొకణ్ణి తిననివ్వడు. విశ్వపతి గారికి తన తొలి అధికారి గుర్తొచ్చారు. ఆ మహానుభావుణ్ణి పద్నాలుగుసార్లు బదిలీ చేశారట. ఈ ఫెర్మిన్ కూడా నిప్పేనని విశ్వపతి గారు తేల్చేశారు. సూర్యావతి ఒక్కతే దరఖాస్తుకి జతచేసిన తొమ్మిది తొలగింపు ఉత్తరాల నకళ్ళూ ఫోన్లో అనువాదం చేయించుకుని చదివింది. ఇవన్నీ మ్యాచ్‌లు ఓడిపోయినందుకు ఇచ్చినవి సార్ అని మెల్లిగా చెప్పింది.

"అమ్మా సూర్యావతీ, కాగితం మీద కారణం ఏదో ఒకటి రాస్తారు. అసలు కారణం ఎవరు రాస్తారు చెప్పు," అన్నారు విశ్వపతి గారు.

అలా ఆగస్టులో ఫెర్మిన్ నరవపాలెంలో దిగాడు. కండువాకి బదులు తాటాకుల దండ వేశారు. అతనికి అర్థం కానిదల్లా ఒకటే. తనని చూస్తే అందరూ లేచి నిలబడుతున్నారు గానీ ఒక్కడూ కాఫీ ఇవ్వడం లేదు. కాఫీ ఇస్తే లంచం అనుకుంటాడేమోనని వాళ్ళ భయం. వారం రోజులు నీళ్ళు తాగి గడిపాక, సూర్యావతి ఒక టీ గ్లాసూ ఒక తెల్లకాగితమూ తెచ్చి ముందు పెట్టింది. ఈ టీ నేనే కోరి తెప్పించుకున్నాను అని రాసి సంతకం పెడితే తాగొచ్చంది. అతను సంతకం పెట్టి మరీ తాగాడు. ఆ టీ గ్లాసుతోనే వాళ్ళిద్దరికీ స్నేహం కలిసింది. ఇతని వచ్చీరాని ఇంగ్లీషుని ఆవిడ ఆఫీసు భాషలోకీ, ఆఫీసు భాషని మనుషుల భాషలోకీ మార్చి పెట్టేది.

ఆఫీసు వెనక తాటి తాండ్ర ఎండబెట్టే జాగాయే మైదానం. మొదటి రోజు జట్టు జాబితా చేతికొచ్చింది. సీనియారిటీ జాబితాలోంచి పైన ఉన్న పదకొండు పేర్లూ వరసగా దించేశారు. అందులో అందరికంటే కుర్రవాడికి నలభై ఎనిమిదేళ్ళు. బాగా పరిగెత్తేవాళ్ళని ముందు వరసలో పెడదామని ఫెర్మిన్ సూచిస్తే, పరుగుని బట్టి స్థానం ఇస్తే రేపు కోర్టుకెక్కుతారని విశ్వపతి గారు హెచ్చరించారు. కనక జూనియర్లు వెనక, సీనియర్లు ముందు. గోలు కొట్టే అధికారం ఉప సంచాలకుల వారికి దఖలు పడింది.

ఇక గోలు కీపరు. ఆటలో బంతిని చేత్తో పట్టుకునేది అతనొక్కడే. బంతి స్టాకు రిజిస్టరుకెక్కిన మండలి ఆస్తి. మండలి ఆస్తిని చేత్తో ముట్టుకోవాలంటే బాధ్యత గల అధికారి అయ్యుండాలి. అంతటి బాధ్యత సుందరశివరావు గారికి తప్ప ఇంకొకరికి లేదు. అందుచేత ఆయనకి ముందు వరసలో సొంత పోస్టు ఉంచి, గోలు కీపరు పోస్టుకి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు. మైదానానికి అటు చివరా ఇటు చివరా ఒకే మనిషి ఎలా నిలబడతాడని ఫెర్మిన్ తల పట్టుకున్నాడు.

"ఆయన ఇప్పటికే మూడు జిల్లాలకి ఇన్‌చార్జి అండి," అంది సూర్యావతి. "ఎక్కడా ఉండరు. అన్ని చోట్లా సంతకం మాత్రం ఉంటుంది."

సుందరశివరావు గారు ఏ పోస్టుకీ అన్యాయం జరక్కుండా సరిగ్గా మైదానం మధ్యలో గొడుగేసుకుని నిలబడేవారు. బంతి మాత్రం సక్రమ మార్గంలోనే కదలాలి. జూనియర్ అసిస్టెంటు సీనియర్ అసిస్టెంటుకి అందించాలి, సీనియర్ అసిస్టెంటు సూపరింటెండెంటుకి, ఆయన ఆ పైవారికి. నడుమ మెట్టు దాటించి ఎవరైనా బంతి పంపితే అది పైఅధికారిని కించపరచడం. అసలే అమాత్యుల వారి ఆశయం ఫైలూ బంతీ ఒకేలా కదలాలని కదా. వీళ్ళు ఆ ఆశయాన్ని నెరవేర్చారు. బంతి ఫైల్లాగే కదలడం మొదలుపెట్టింది.

వీళ్ళందరి మధ్యా ఫెర్మిన్ కంట్లో పడ్డవాడు కడలి దొరబాబు. దొరబాబు అటెండరు. బీరువాలోంచి బంతి తెచ్చి, గాలి కొట్టి, సాయంత్రం మళ్ళీ అప్పజెప్పి సంతకం చేయించుకోవడం అతని పని. జట్టులో చేరడానికి హోదా చాలదు. ఒకరోజు బంతి గోడ మీదుగా ఎగిరి విశ్వపతి గారి కారు అద్దం మీదికి పోతుంటే, కుడిచేతిలో టీ గ్లాసుల పళ్ళెంతో వెళ్తున్న దొరబాబు ఎడమచేత్తో దాన్ని గాల్లోనే అందుకున్నాడు. ఒక్క చుక్క టీ ఒలకలేదు. ఫెర్మిన్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఇరవై మూడేళ్ళ ఆటలో అలాంటి చేతులు చూడలేదు.

"సిన్నప్పట్నించీ అలవాటేనండి," అన్నాడు దొరబాబు సిగ్గుపడుతూ. "మా బాబు సెట్టెక్కి ముంజగెలలు ఇసిరేవోడండి. కింద పడితే సితికిపోతాయి కదండి, నేను పట్టేవోణ్ణండి."

ఇతన్నే గోలు కీపరు చేయమని ఫెర్మిన్ ఆ రోజే అర్జీ పెట్టాడు. అర్జీ ఫైలయింది. ఫైలు పైకి వెళ్ళింది, వివరణ కోసం కిందికి దిగింది, మళ్ళీ పైకి వెళ్ళింది. ఆ నెలల్లో ఫెర్మిన్ నేర్చుకున్న తెలుగు మాటలు మూడు. చూద్దాం, పరిశీలనలో ఉంది, కొట్టు. మూడోది అతను మైదానంలో రోజూ అరిచేవాడు గానీ, ఎవరూ కొట్టేవారు కారు.

పోటీలు మొదలయ్యాయి. తేనె మండలి చేతిలో తొమ్మిది సున్నాతో ఓడారు. వెదురు మండలితో ఆట సగం దాకా బాగానే సాగింది. విరామం తర్వాత రెండు జట్లూ అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ మారాలి గదా. మారడమంటే చార్జి అప్పగించడమే. గోలు స్తంభాలు రెండు, అడ్డకర్ర ఒకటి, వల ఒకటి, వలలో చిరుగులు పద్నాలుగు అని జాబితా రాసిచ్చారు. వెదురు మండలివాళ్ళు లెక్కపెడితే చిరుగులు పదిహేను తేలాయి. ఆ పదిహేనో చిరుగు ఎవరి హయాంలో పడిందన్న వాదన తేలకుండానే సమయం మించిపోయింది. చార్జి అప్పగించని జట్టు ఓడినట్టేనని రిఫరీ తేల్చాడు. అలా చలికాలం గడిచి ఫిబ్రవరి వచ్చేసరికి మిగిలింది ఒకటే మ్యాచ్. అవతల చింతపండు మండలి. వాళ్ళూ అప్పటికి ఒక్కటీ గెలవలేదు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళలో కలిసిపోతారు. సమానంగా ముగిస్తే రెండు మండళ్ళూ రద్దు.

ఆఫీసులో అందరి ముఖాలూ వాడిపోయాయి. చింతపండు మండలి సంచాలకుడు విశ్వపతి గారికంటే రెండేళ్ళు జూనియరు. అతని ముందు నిలబడి సెలవు చీటీ ఇవ్వడమన్న ఊహకే విశ్వపతి గారికి రక్తపోటు పెరిగింది. ఫెర్మిన్‌కి రక్తపోటు కూడా పెరగలేదు. అలవాటైన మనిషి కనక పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు. అయినా ఒకే చొక్కాని మూడుసార్లు విప్పి మడిచాడు. ఈ ఊళ్ళో అతనికి టీ రుచి తెలిసింది, ముంజల రుచి తెలిసింది, తనని చూసి లేచి నిలబడే మనుషులు దొరికారు. ఆ సాయంత్రం తల్లికి ఫోన్ చేశాడు. ఆవిడ యోగక్షేమాలు అడగలేదు, ఏ నెల అని అడిగింది. ఫిబ్రవరి అన్నాడు. సరే నాయనా, ఇస్త్రీపెట్టె వేడిచేస్తానంది.

మ్యాచ్ మధ్యాహ్నం పన్నెండుంబావుకి మొదలైంది. మొదటి సగంలో రెండు మండళ్ళూ నియమాలను తూచా తప్పకుండా పాటించడం వల్ల బంతి మైదానం మధ్య గీత దాటలేదు. ఒంటిగంట కాగానే సుందరశివరావు గారు గొడుగు ముడిచి, మధ్యాహ్నం నుంచి తనకి ఒంటిపూట సెలవని చెప్పి స్కూటరెక్కి వెళ్ళిపోయారు. ఆయనతోపాటు గోలు కొట్టే అధికారమూ, గోలు ఆపే బాధ్యతా రెండూ వెళ్ళిపోయాయి. ఇంకొకరిని ఇన్‌చార్జిగా వెయ్యాలంటే విశ్వపతి గారి ఉత్తర్వు కావాలి. ఆయన ఈ విలీనం విషయం మీదే రాజధానితో వీడియో సమావేశంలో ఉన్నారు.

చింతపండు వాళ్ళు ఖాళీ గోలు చూసి, రెండో సగంలో వరసగా మూడుసార్లు బంతిని లోపలికి తన్నారు. రిఫరీ రిటైరైన ట్రెజరీ అధికారి. మూడుసార్లూ విజిల్ ఊది ఒకటే ప్రశ్న అడిగాడు, అందుకున్నట్టు సంతకం ఎవరిది అని. తీసుకోవలసిన మనిషి సీట్లో లేనప్పుడు పంపింది చేరనట్టే లెక్క. మూడు గోల్సూ చెల్లలేదు. తాటి మండలివాళ్ళు చప్పట్లు కొట్టారు. అయితే చింతపండు మండలిలోనూ తలపండినవాళ్ళున్నారు. చిరునామాదారు లేకపోతే ద్వారానికి నోటీసు అంటించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుంటే అందినట్టేనన్న నిబంధన వాళ్ళలో ఒకాయనకి తట్టింది. మైదా ఉడికించి బంక తెచ్చారు. సాక్షుల్ని తెచ్చారు. గోలు స్తంభానికి నోటీసు అంటించి, దాని మీద అరచేత్తో రుద్ది మరీ గట్టిచేశారు. ఇక బంతి లోపల పడటమే తరువాయి. ఆట ముగియడానికి మూడు నిమిషాలుంది.

ఫెర్మిన్ గీత దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. తొమ్మిది క్లబ్బుల్లో ఓడిపోయాడు గానీ, బంక చేతిలో ఓడిపోవడం అతనికి నచ్చలేదు. పక్కనే దొరబాబు టీ పళ్ళెంతో ఉన్నాడు. వెళ్ళి గోలులో నిలబడమని సైగ చేశాడు. దొరబాబు కదల్లేదు.

"ఎల్తానండి. ఆర్డరు కాయితం ఉందాండి?"

ఫెర్మిన్ జేబులో ఒకే ఒక్క కాగితం ఉంది. తొమ్మిదో క్లబ్బు తీరిగ్గా పంపిన తొలగింపు ఉత్తరం. ఎందుకో అది ఎప్పుడూ దగ్గరే ఉంచుకునేవాడు. మడత విప్పి దొరబాబు చేతిలో పెట్టాడు. దొరబాబుకి అందులో ఒక్క అక్షరం తెలీదు. కిందికంటా చూసి, ముద్ర ఉందండి, చాలండి అని, కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పళ్ళెం కిందపెట్టి పరిగెత్తాడు.

అతను గోలు దగ్గరికి చేరడమూ, చింతపండు వాళ్ళు బంతిని తన్నడమూ ఒక్కసారే జరిగాయి. బంతి పై మూలకి వెళ్తోంది. దొరబాబు ముంజగెల పట్టినట్టు, చితక్కుండా, రెండు చేతుల్లోకి దింపుకున్నాడు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తోచక ఎదటికి చూశాడు. జూనియర్ అసిస్టెంటు సక్రమ మార్గంలో అందుకోవడానికి చెయ్యి చాపాడు. అతని వెనక సీనియర్ అసిస్టెంటు, ఆ వెనక సూపరింటెండెంటు, హోదా వారీగా అందరూ తమ వంతు కోసం నిలబడ్డారు. ఫెర్మిన్ గొంతు చించుకుని తన మూడో తెలుగు మాట అరిచాడు.

దొరబాబు కొట్టాడు. బంతి జూనియర్ అసిస్టెంటు నెత్తి మీదుగా, సీనియర్ అసిస్టెంటు నెత్తి మీదుగా, ముగ్గురు సూపరింటెండెంట్ల నెత్తి మీదుగా, ఒక్క పొట్టి సంతకమైనా లేకుండా మైదానం దాటింది. ఒక్కసారి నేలకి తగిలి ఎగిరి చింతపండు వాళ్ళ గోలులో పడింది. వాళ్ళ కీపరు పాపం డ్యూటీలోనే ఉన్నాడు. ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ బంతిని చేతుల్లోకి తీసుకుని, అందినది అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు. రిఫరీ ఆ సంతకం చూసి గోలు ఇచ్చాడు. తాటి మండలి గెలిచింది.

సమావేశం వదిలి పరిగెత్తుకొచ్చిన విశ్వపతి గారు ఫెర్మిన్‌ని వాటేసుకుని గిరగిరా తిప్పారు. మండలి పుట్టాక ఒక వస్తువు ఒకే నిమిషంలో ఇక్కణ్ణించి అక్కడికి చేరడం అదే మొదలని అకౌంటెంటు కళ్ళు తుడుచుకున్నాడు. సూర్యావతి నవ్వుతూ ఏడ్చింది. దొరబాబు మాత్రం చల్లారిన టీ వంక విచారంగా చూసి, మళ్ళీ వేడిచేసి తెస్తానని వెళ్ళాడు. అందరికీ ఆనందం తీరాక, విశ్వపతి గారు చొక్కా సర్దుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

రెండ్రోజుల తర్వాత సూర్యావతి ఒక కవరు తెచ్చి ఫెర్మిన్ బల్ల మీద పెట్టింది. అతను దాన్ని అంచు పట్టుకుని ఎత్తి చూశాడు. అలాంటి కవర్లు తొమ్మిది విప్పిన మనిషి. గెలిచినా ఇంతేనా అనుకున్నాడు. చదవమని ఆవిడకే తిరిగిచ్చాడు.

సూర్యావతి గొంతు సవరించుకుని చదివింది. "సదరు గోలును మండలి ప్రయోజనాల దృష్ట్యా ఆమోదించడమైనది. అయితే సదరు గోలును ఐదుగురి హోదాలను అతిక్రమించి, మౌఖిక ఆదేశములతో కొట్టించిన విధానము తీవ్రముగా గర్హనీయము. కావున శ్రీ ఫెర్మిన్ ఒలాబరియా గారిని విచారణ పూర్తియగు వరకు సస్పెన్షనులో ఉంచడమైనది. ఈ కాలమందు వీరు ముందస్తు అనుమతి లేనిదే కేంద్రస్థానము విడిచి వెళ్ళరాదు."

అంటే తీసేసినట్టేనా అని ఫెర్మిన్ అడిగాడు. సూర్యావతి అతని వంక జాలిగా చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది. తీసెయ్యడానికీ దీనికీ సంబంధం లేదని చెప్పింది. తన మేనమామని ఒక పంకా కనపడలేదని సస్పెండ్ చేశారట. విచారణ జరుగుతుండగానే ఆయన ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేసి, శాలువా కప్పించుకుని రిటైరయ్యాడు. విచారణాధికారీ రిటైరయ్యాడు. పంకా దొరికింది కూడానట. ఫైలు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఇక ఈ కేసులో దొరబాబు తన సంజాయిషీకి స్పానిష్ ఉత్తరం జతచేశాడు. అది అనువాదం కోసం రాజధాని వెళ్ళింది. అది వచ్చేదాకా విచారణ మొదలే కాదు.

"ఒకసారి సస్పెండైతే ఇంక మిమ్మల్ని ఎవరూ కదపలేరండి," అంది. "రోజూ పదింటికొచ్చి సంతకం పెట్టి, సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి. మైదానంలో ఉండకూడదని ఎక్కడా రాయలేదు."

ఇంతలో విశ్వపతి గారే వచ్చారు. ఉత్తర్వు మీద సంతకం పెట్టిన చేత్తోనే ఫెర్మిన్ రెండు చేతులూ పట్టుకున్నారు. పదో చోట కూడా మిమ్మల్ని బతకనివ్వలేదు, నిజాయితీకి మా దేశంలో ఇదే గతి అని కండువాతో కళ్ళొత్తుకుని వెళ్ళిపోయారు.

ఫెర్మిన్ ఆ ఆఖరి వాక్యం మళ్ళీ చదవమన్నాడు. విడిచి వెళ్ళరాదు అని సూర్యావతి చదివింది. ఇంకోసారి చదవమన్నాడు. తొమ్మిది కాగితాలు అతన్ని పొమ్మన్నాయి. పోవద్దని రాసిన కాగితం అతని జీవితంలో ఇదే మొదటిది. ఆ మాట మీద వేలు పెట్టి, అక్షరాలు తెలియకపోయినా అటూ ఇటూ జరిపాడు. కళ్ళు మసకబారాయి.

తల్లికి ఫోన్ చేశాడు. పాత తొమ్మిదీ మళ్ళీ ఇస్త్రీ అయ్యాయి, బీరువాలో పదోదానికి చోటు కూడా చేశాను, ఎప్పుడొస్తున్నావని అడిగింది ఆవిడ.

"రాలేనమ్మా. వీళ్ళు నన్ను వెళ్ళొద్దన్నారు."

అటువైపు బీరువా తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత ఆవిడ, రాసిచ్చారా అని అడిగింది. రాసిచ్చారు, ముద్ర కూడా ఉందన్నాడు. నమ్మకం కుదరక, ఇవాళ తేదీ ఎంతో చెప్పమంది. ఉత్తర్వు మీద విశ్వపతి గారు సంతకం పెట్టింది ఫిబ్రవరి ఇరవై ఎనిమిదినే. కానీ పక్క గదిలోంచి ఈ గదిలోకి రావడానికి దానికి ఒక రోజు పట్టింది.

ఫెర్మిన్ గోడ మీది క్యాలెండరు చూసి, మార్చి ఒకటి అన్నాడు.